కొత్త పార్టీ పెట్టడం సరే, గెలిచాక దాన్ని నిలబెట్టేదెవరు?

పటమట కుర్రాడు:

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, నేను ఏ పార్టీ మనిషినీ కాదు, ఎవరి అభిమానులతోనూ గొడవ పెట్టుకునే ఓపిక కూడా లేదు. మాది విజయవాడ, గుంటూరు కలిపి ఓ ముప్ఫై మంది బ్యాచ్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పాలు, బ్రెడ్డు, మందులు పంచడానికి పోగయ్యాం. ఒక లాయరు, ఇద్దరు టీచర్లు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక అన్న, మెడికల్ షాపు అతను, మిగతావాళ్ళు నాలాగా ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే బాపతు. వరద తగ్గింది కానీ వాట్సాప్ గ్రూపు మాత్రం ఆగలేదు. ఇప్పుడందులో నడుస్తున్న చర్చ ఏంటంటే, మనమే ఒక పార్టీ పెడితే ఎలా ఉంటుంది అని. సంక్షేమం ఆపకూడదు, అలాగని అప్పు తెచ్చి పంచుకుంటూ పోకూడదు, రాజధాని మీద ఐదేళ్ళకోసారి మనసు మార్చుకోకూడదు, ప్రభుత్వం మారగానే కేసులు పెట్టుకునే ఆట ఆపాలి, మతం జోలికి పోకూడదు. సెంట్రిస్ట్ అనండి, మధ్యే మార్గం అనండి, అలాంటిది.

మొన్న ఆదివారం గవర్నర్‌పేటలో ఒక హోటల్లో కూర్చున్నాం. సగానికి పైగా టైమ్ జెండా రంగు మీదే పోయింది. పసుపు వద్దు, నీలం వద్దు, ఎరుపు వద్దు, కాషాయం వద్దు, తెల్లది పెడితే ముందే లొంగిపోయినట్టు ఉంటుందని మెడికల్ షాపు అతను. చివర్లో మిర్చి అన్న ఒక మాటన్నాడు. "గెలవడం సంగతి దేవుడెరుగు, ఖర్మ కాలి గెలిస్తే ఏం చేస్తార్రా?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా డౌట్ కూడా అదే. అధికారంలోకి తొందరగా రావడం కుదురుతుందని కనబడుతూనే ఉంది. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆప్ 2012 నవంబరులో పుట్టి 2013 డిసెంబరుకల్లా ఢిల్లీలో ప్రభుత్వంలో ఉంది. ఫ్రాన్స్‌లో మాక్రాన్ 2016 ఏప్రిల్‌లో పార్టీ మొదలుపెట్టి 2017 మేలో అధ్యక్షుడయ్యాడు. కానీ వచ్చాక ఐదేళ్ళు, పదేళ్ళు పార్టీ పార్టీలాగే ఉండాలంటే ఏం చేయాలి? "డబ్బుందా" అని అడగబోయేవాళ్ళకు: లేదు. అది వదిలేసి చెప్పండి.

అరండల్‌పేట ఆడిటర్:

డబ్బు వదిలేయమన్నారు కానీ నా పనే అది కాబట్టి వదలను, ఏమనుకోకండి.

రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్. పార్టీ ఏర్పాటైన 30 రోజుల్లోపు ఢిల్లీలో ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి, ఫీజు 10,000 రూపాయలు, కనీసం 100 మంది సభ్యులు కావాలి, వాళ్ళంతా నమోదైన ఓటర్లై ఉండాలి. రాజ్యాంగానికి, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్య సూత్రాలకు కట్టుబడి ఉంటామని నియమావళిలో రాయాలి. మీ మిర్చి అన్నకు సోషలిజం నచ్చకపోయినా ఆ మాట ఉండాల్సిందే. పేరొచ్చాక గుర్తు సమస్య మొదలవుతుంది. అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, 2 సీట్లు లాంటి లెక్క ఏదో ఒకటి దాటేదాకా రాష్ట్ర పార్టీగా గుర్తింపు రాదు, గుర్తు మీ సొంతం కాదు. 2024లో జనసేన పోటీ చేయని చోట్ల గాజు గ్లాసు గుర్తు ఇండిపెండెంట్లకు వెళ్ళి హైకోర్టు దాకా గొడవ నడిచింది గుర్తుందా, అంత పెద్ద పార్టీకే ఆ తిప్పలు. రిజిస్టర్ చేసి ఊరుకున్నా కుదరదు. ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను జాబితాలోంచి తీసేసింది.

ఇక లెక్కలు. 20,000 రూపాయలు దాటిన ప్రతి విరాళం ఇచ్చినవాళ్ళ పేరుతో సహా ఎన్నికల సంఘానికి చెప్పాలి. 2,000 మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు. ఏటా ఆడిట్ జరగాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు, పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ ఒక్క వాక్యంలో మన రాజకీయం మొత్తం ఉంది, మళ్ళీ చదువుకోండి.

మీ అసలు ప్రశ్నకు నేను చూసిందొకటి చెప్తాను. ఒక చిన్న పార్టీకి కొన్నాళ్ళు లెక్కలు చూశాను, పేరు వద్దు. ఏ పదవీ లేనప్పుడు రసీదు పుస్తకాలు పక్కాగా ఉండేవి, 500 ఇచ్చినవాడి పేరూ రాసేవాళ్ళు, నెలాఖరుకి ఆఫీసు అద్దెకి సరిపోయేది. స్థానిక ఎన్నికల్లో నాలుగు సీట్లు రాగానే పార్టీ ఖాతాలో డబ్బు పెరుగుతుందనుకుంటాం కదా, తగ్గింది. ఇచ్చేవాళ్ళు పార్టీ ఆఫీసుకు రావడం మానేసి గెలిచినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మొదలెట్టారు. ఆఫీసు అద్దె కూడా ఆ గెలిచినవాళ్ళలో ఒకాయన కట్టాడు, ఆ నెల నుంచి మీటింగు ఎప్పుడు పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. అందుకని గెలవకముందే ఒక నియమం రాసుకోండి. పార్టీ పేరుతో గెలిచినవాడికి వచ్చే ప్రతి పైసా పార్టీ ఖాతా ద్వారానే పోవాలి, ఆఫీసు అద్దె సభ్యుల చందాతోనే కట్టాలి, ఒక నెల తాళం వేసుకోవాల్సొచ్చినా సరే.

సింగ్‌నగర్ అక్క:

తమ్ముడూ, మీరు పంచిన బ్రెడ్డు మా మేడ మీదికి కూడా వచ్చుండొచ్చు, దానికి థాంక్స్. ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతా.

మీ ముప్ఫై మందిలో ఆడవాళ్ళెంతమంది? రాయలేదంటే లేరనే అనుకుంటున్నా. నేను డ్వాక్రా గ్రూపు నడుపుతా. ఏ పార్టీ మీటింగుకైనా మమ్మల్ని బస్సెక్కించి తీసుకెళ్తారు, నిర్ణయం తీసుకునేప్పుడు మాత్రం గది తలుపు వేసుకుంటారు. మీరూ హోటల్లో ఆదివారం పూట కూర్చున్నారు. ఆదివారం మాకు ఎంత పనుంటుందో మీ ఇంట్లో అడగండి.

పార్టీ ఎందుకు నిలబడదో మా వీధిలో చూశాను. 2019లో వైసీపీ గెలిచాక 50 ఇళ్ళకొక వాలంటీరు వచ్చాడు. పింఛను పొద్దున్నే ఇంటికొచ్చేది, పథకం డబ్బులు బటన్ నొక్కితే ఖాతాలో పడేవి. సదుపాయం బాగుంది, కాదనను. కానీ ఆ పార్టీ జెండా ఎప్పటినుంచో మోసిన మనిషి మా వీధిలోనే ఉన్నాడు, అతని దగ్గరకు ఎవరూ వెళ్ళే పనిలేకుండా పోయింది. వీధిలో ఎవరేమనుకుంటున్నారో పైకి చెప్పేవాడూ లేడు, చెప్పినా వినేవాడూ లేడు. 151 సీట్లు 2024లో 11 అయ్యాయి. దీనికి ఇదొక్కటే కారణం అనను, చాలా ఉన్నాయి. కానీ పార్టీ చేయాల్సిన పని మొత్తం ప్రభుత్వం చేసేస్తే పార్టీ మనిషి ఇంట్లో టీవీ చూస్తూ కూర్చుంటాడు.

వరద తర్వాత ఏం జరిగిందో మీకు తెలీదేమో. కింద ఫ్లోరు ఇంటికి 25,000, పైవాటికి 10,000 అన్నారు. డబ్బు వచ్చింది, చాలామందికి వచ్చింది. రానివాళ్ళ సంగతి? ఒకావిడ అద్దెకుండేది, నీళ్ళొచ్చాక పుట్టింటికి పోయింది, రాసుకోవడానికి వచ్చినప్పుడు తలుపు తాళం. జాబితాలో పేరు లేదు. ఆమెకి కరెంటు బిల్లు, అద్దె కాగితం, ఆధార్ పట్టుకుని ఎక్కడికి పోవాలో, ఏమని రాయాలో చెప్పే మనిషి కావాలి, సానుభూతి కాదు. బటన్ ఆ పని చేయదు, యాప్ అసలు చేయదు. మీ పార్టీ గెలిచాక కూడా ఆ కాగితం రాసిపెట్టే మనిషి మా వీధిలో ఉంటాడా, లేక ఏదో కార్పొరేషన్‌కి డైరెక్టరు అయిపోతాడా?

కొత్తపేట రాజు:

బ్రో, లెఫ్ట్ రైట్ మధ్య ఖాళీ ఉందనుకుంటున్నావు, మన దగ్గర ఆ లెక్కలో అందరూ మధ్యలోనే ఉన్నారు. బియ్యం ఇవ్వనన్నవాడు ఎవడు, ఐటీ వద్దన్నవాడు ఎవడు? ఒకే పార్టీ, తెలుగుదేశం, 1996లో యునైటెడ్ ఫ్రంట్‌లో కమ్యూనిస్టులతో కూర్చుంది, మూడేళ్ళు తిరక్కుండానే వాజపేయికి మద్దతిచ్చింది, ఎవరికీ వింతగా అనిపించలేదు. ఇక్కడ మధ్య అంటే కులాల మధ్య. మొదటి ప్రెస్‌మీట్‌లో మైకు ముందు కూర్చున్న ఐదుగురి ఇంటిపేర్లు చూసి సాయంత్రానికల్లా "అది ఫలానావాళ్ళ పార్టీ" అని ముద్రేస్తారు, మీ మేనిఫెస్టో ఎవరూ తెరవరు.

ఇంకోటి, మూడో పార్టీకి ఓట్లు వచ్చినా సీట్లు రావు. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం దాకా వచ్చాయి, సీట్లు 294లో 18. లోక్‌సత్తాకు కూకట్‌పల్లి ఒక్కటే. బ్రిటన్‌లో 1983లో మధ్యేవాద కూటమికి 25 శాతం దాటి ఓట్లు పడ్డాయి, లేబర్‌కి 28 లోపే. సీట్లు? వాళ్ళకి 23, లేబర్‌కి 209. ఓట్లు అన్ని చోట్లా పల్చగా పరుచుకుంటే అంతే. జనసేన 2019లో పెద్ద పార్టీలతో కలవకుండా వెళ్ళి ఒక్క సీటు, 2024లో పొత్తులో 21కి 21. కాబట్టి "గెలిచాక" అనే మాట మీకు పొత్తుతోనే వస్తుంది, పొత్తులో చిన్న పార్టీ బతకడం ఇంకో కథ. బ్రిటన్‌లో లిబరల్ డెమోక్రాట్లు ఫీజులు పెంచనివ్వబోమని విద్యార్థులకు మాటిచ్చి 2010లో సంకీర్ణంలో చేరారు, ఆ ఏడాదే యూనివర్సిటీ ఫీజు పరిమితి దాదాపు మూడు రెట్లు పెంచే ప్రతిపాదనను వాళ్ళ ప్రభుత్వమే తెచ్చింది. 57 సీట్లు 2015కల్లా 8. ఆ పాపం పెద్ద పార్టీకి అంటలేదు, అది ఇంకా పెరిగింది.

నిడుబ్రోలు మాస్టారు:

రాజు గారు చెప్పిన లెక్కలు నిజమే కానీ ఇదేదో ఇప్పుడొచ్చిన సమస్య అనుకోకండి. మా ఊరి ఎన్.జి. రంగా గారు 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44, ప్రతిపక్షంలో అదే పెద్దది. 1971కి 8. 1972 చివర రాజాజీ పోయారు, 1974లో పార్టీ ఇంకోదాంట్లో కలిసిపోయింది. రంగా గారు కాంగ్రెస్‌కి తిరిగొచ్చి 1980 నుంచి గుంటూరు ఎంపీగా ఉన్నారు. ఆ పార్టీలో మేధావులకు కొరతా లేదు, నిజాయితీకి కొరతా లేదు. సంస్థానాధీశులు, రైతు నాయకులు, వ్యాపారులు ఎవరి బలంతో వాళ్ళు గెలిచినవాళ్ళే, పార్టీ వల్ల గెలిచినవాడు తక్కువ. అలాంటివాడు వెళ్ళిపోవాలనుకుంటే ఆపడానికి పార్టీ చేతిలో ఏముంటుంది?

ప్రకాశం గారి సంగతి చూడండి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. ఆయన వెనక సొంత పార్టీ లేదు, కాంగ్రెస్ మద్దతుతో కుర్చీ ఎక్కారు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయారు. ఆయన పేరు బ్యారేజీకి ఉంది, రోజూ దాటుతుంటారు.

తెలుగుదేశం ఎందుకు నిలబడిందనేది మీరు అసలు చదువుకోవాల్సిన విషయం, అభిమానంతోనో కోపంతోనో కాకుండా. గెలుపు ప్రభంజనం వల్ల వచ్చింది, ఒప్పుకుంటాను. 1984 ఆగస్టు 16న ప్రభుత్వాన్ని పడగొడితే జనం రోడ్డెక్కారు, సరిగ్గా నెలకి సెప్టెంబరు 16న తిరిగొచ్చింది. ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచుకోవాల్సొచ్చిందంటే అప్పటికి పార్టీ ఎంత పచ్చిగా ఉందో అర్థం చేసుకోండి, పడగొట్టింది కూడా పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరే. కానీ ఆ గొడవలకు అటూ ఇటూ రెండు పనులు జరిగాయి. 1984 మొదట్లో కరణం, మునసబు పదవులు రద్దు చేశారు. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. ఊళ్ళో భూమి కాగితం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది, ఆ పెత్తనం ఒక్కసారి కదిలింది. తర్వాత 1987లో మండలాధ్యక్షులకు నేరుగా ఎన్నికలు, బీసీలకు, మహిళలకు రిజర్వేషన్లతో. అంతకుముందు గడప బయట నిలబడిన కుటుంబాల నుంచి వెయ్యి పైచిలుకు మండలాల్లో కొత్త మనుషులు కుర్చీ ఎక్కారు. వాళ్ళకి ఆ పార్టీ ఉంటేనే రాజకీయం. అందుకే 1989లో ఓడినా పార్టీ చెదరలేదు, 1994లో 216తో తిరిగొచ్చింది. అంటే ప్రభుత్వంలో ఉండి చేసిన పని నుంచే పార్టీకి కొత్త కాళ్ళు మొలిచాయి.

అదే ఎన్టీఆర్ 1983లో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి ఒక్క దెబ్బకు దించారు, 1989లో మంత్రులందర్నీ ఒకేసారి ఇంటికి పంపించారు. అడిగేవాడు లేడు. అడిగే అలవాటే లేని పార్టీలో 1995లో నాయకుడి మార్పు ఎలా వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అస్సాంలో విద్యార్థి ఉద్యమం నడిపిన కుర్రాళ్ళు 1985 అక్టోబరులో అసోం గణ పరిషత్ పెట్టి డిసెంబరుకల్లా ప్రభుత్వంలోకి వచ్చారు. హాస్టల్ గదుల నుంచి తిన్నగా సెక్రటేరియట్‌కి. ఉద్యమం నడిపిన మొదటి వరుస అంతా మంత్రులు, ఎమ్మెల్యేలు అయిపోతే కింద జనంతో మాట్లాడటానికి ఎవరు మిగిలారు? 1990లో రాష్ట్రపతి పాలన, ఆ తర్వాత చీలిక, 1996లో మళ్ళీ గెలిచినా మునుపటి వేడి లేదు. మీ ముప్ఫై మందిలో ఎవరు పదవికి పోకూడదో ముందు తేల్చుకోండి. ఎవరు పోవాలో తేల్చుకోవడం కంటే ఇది కష్టం.

పటమట కుర్రాడు:

అక్కా, ఆడవాళ్ళు ఇద్దరే, ఇద్దరు టీచర్లు వాళ్ళే, గవర్నర్‌పేట మీటింగుకి రాలేదు. పాయింట్ అర్థమైంది.

మాస్టారూ, ఆ మండలాల సంగతి నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఒక సందేహం, ఇప్పుడు రద్దు చేయడానికి కరణాలు లేరు కదా, కొత్త పార్టీ ఏది కదిలిస్తే కొత్త మనుషులు పైకి వస్తారు?

తెనాలి టు లియోన్:

నేను తెనాలి అబ్బాయినే, ఉద్యోగం వల్ల ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉంటున్నా. మాక్రాన్ పేరు చూసి వచ్చాను. ఇక్కడివాళ్ళకు కూడా ఆ పార్టీ మొదట్లో భలే ముచ్చటేసింది. సభ్యత్వం ఫ్రీ, వెబ్‌సైట్‌లో ఒక క్లిక్. అభ్యర్థులు కూడా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకున్నారు, సగం మంది ఆడవాళ్ళు, చాలామంది అంతకుముందు ఏ ఎన్నికలోనూ గెలవనివాళ్ళు. 2017 జూన్‌లో 577లో 308 సీట్లు, మిత్రపక్షంతో కలిపి 350. సింగ్‌నగర్ అక్క అడిగిన ప్రశ్న ఒకటే అప్పుడెవరూ అడగలేదు. ఆ క్లిక్ కొట్టినవాళ్ళకి గెలిచాక పనేంటి?

పనేం లేదు. 2018 నవంబరులో డీజిల్ పన్ను మీద పసుపు జాకెట్లేసుకుని జనం రౌండెబౌట్ల దగ్గర కూర్చున్నప్పుడు పారిస్‌లో ఉన్నవాళ్ళు అవాక్కయ్యారు. ఊళ్ళో పార్టీ మనిషంటూ ఉంటే రెండు నెలల ముందే తెలిసేది. మా లియోన్ సంగతి ఇంకా చిత్రం. ఇక్కడ ఏళ్ళ తరబడి మేయరుగా ఉన్న జెరార్ కొలోంబ్, పేరున్న నాయకుల్లో మాక్రాన్ వెనక మొదట నిలబడ్డవాళ్ళలో ఒకడు, 2017లో హోం మంత్రి అయ్యాడు. 2018 అక్టోబరులో రాజీనామా చేసి వెనక్కొచ్చాడు. 2020 మున్సిపల్ ఎన్నికల్లో రెండో రౌండుకి ముందు కుడిపక్షంతో చేతులు కలిపితే సొంత పార్టీనే మద్దతు వెనక్కి తీసుకుంది, నగరం పర్యావరణవాదుల చేతికి పోయింది. పారిస్‌లో అదే పార్టీ నుంచి ఇద్దరు పోటీకి దిగి కొట్టుకున్నారు. దేశాన్ని ఏలుతున్న పార్టీకి అప్పుడు పెద్ద నగరాల్లో మేయర్లు లేకుండా పోయారు.

ఇంకో ముఖ్యమైనది. మధ్యలో ఉన్న పార్టీ రెండు వైపుల నుంచీ పాత పార్టీల మనుషుల్ని లాగేసుకుంటే ఆ పాత పార్టీలు చచ్చిపోతాయి. 2022 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టులకు 2 శాతం కూడా రాలేదు, సంప్రదాయ కుడిపక్షానికి 5 లోపే. వినడానికి బాగుంది కదా? కానీ అప్పుడు ప్రభుత్వం మీద కోపమొచ్చినవాడికి ఓటేయడానికి మిగిలింది అంచుల్లో ఉన్నవాళ్ళే. లె పెన్ రెండో రౌండులో 2017లో 34 శాతం దగ్గరుంటే 2022లో 41 దాటింది. అదే ఏడాది పార్లమెంటులో మెజారిటీ పోయింది, 2024 జూన్‌లో సభ రద్దు చేస్తే మూడు ముక్కలైంది, ఆ తర్వాత 2024 డిసెంబరులో ఒక ప్రధాని, 2025 సెప్టెంబరులో ఇంకొకరు సభలో ఓడి దిగిపోయారు. కాబట్టి గెలిచాక పక్క పార్టీ ఎమ్మెల్యేలను లాక్కోకండి. వాళ్ళు మీకెదురుగా బెంచీ మీద కూర్చుని ఉండటమే మీకు మంచిది.

కొత్తపేట రాజు:

ఆ చివరి ముక్క మన దగ్గర పోస్టరేయించాలి. 2014 తర్వాత తెలుగుదేశం వాళ్ళు వైసీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను లాగారు, లాగినవాళ్ళకి 2019లో మిగిలిన సీట్లు సరిగ్గా 23.

భవానీపురం బాషా:

నేను చదువుకున్న పాయింట్లు చెప్పలేను, ఏజెంటుగా చాలా ఎన్నికలు చూశా, ఒకే పార్టీకి కాదు. తెల్లారకముందే పోలింగ్ కేంద్రానికి పోవాలి, మాక్ పోల్‌లో, అంటే అసలు ఓటింగుకి ముందు మిషన్ని పరీక్షించేటప్పుడు, కనీసం 50 ఓట్లు వేయించి లెక్క సరిపోయిందో లేదో చూడాలి, సీలు నంబరు రాసుకోవాలి, సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసే 17సి ఫారం కాపీ తీసుకోకుండా కదలకూడదు. కొత్త పార్టీల ఏజెంట్లు టిఫిన్ టైమ్‌కి వస్తారు, మధ్యాహ్నం ఎండకి మాయమవుతారు. ఒక్క నియోజకవర్గంలో 200 పైన కేంద్రాలుంటాయి. ముప్ఫై మందితో ఏం చేస్తారు సార్?

గెలిచాక సంగతి అడిగారు కాబట్టి అదీ చెప్తా. మన దగ్గర ఎమ్మెల్యేనే నియోజకవర్గంలో పార్టీ. ఇన్‌ఛార్జి ఆయనే, కమిటీ ఆయన వేసిందే, కార్పొరేటరు టికెట్టు ఆయనిచ్చిందే, ఎస్సై ఎవరు రావాలో, ఆలయ బోర్డులో ఎవరుండాలో ఆయన లెటరే. మంత్రి పదవులు ముఖ్యమంత్రితో కలిపి 26 దాటకూడదు, 175 సీట్లున్న సభలో వంద మంది గెలిస్తే మిగతావాళ్ళేం చేస్తారు, తమ నియోజకవర్గానికి తామే రాజులవుతారు. పాత కార్యకర్త వెళ్ళి "ఇది తప్పండీ" అంటే మర్నాటి నుంచి అతనికి గేటు తీయరు. అందుకని ఒక్కటి చేయండి. ఎమ్మెల్యే అయినవాడు నియోజకవర్గ అధ్యక్షుడిగా ఉండకూడదు, ముఖ్యమంత్రి అయినవాడు పార్టీ అధ్యక్షుడిగా ఉండకూడదు. కమిటీని సభ్యులు ఎన్నుకోవాలి, ఎమ్మెల్యే నియమించకూడదు. కుర్రాడు ఏది కదిలించాలని అడిగాడు కదా, ఇదే కదిలించండి.

నిడుబ్రోలు మాస్టారు:

బాషా గారూ, మాట బాగుంది, చేసి చూపించినవాళ్ళు తక్కువ. రెండు కుర్చీలు వేస్తే రెండు గ్రూపులు తయారవుతాయి. కాంట్రాక్టరు ఒకరి దగ్గర పని కాకపోతే రెండోవారి దగ్గరకు పోతాడు. పైగా ఫిరాయింపుల చట్టం కింద విప్, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే ఎమ్మెల్యే పదవి పోతుంది, కాబట్టి సభలో ఓటు పార్టీ చెప్పినట్టే వేయాలి, అలాంటప్పుడు పార్టీ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి వేరు వేరు మనుషులై గొడవపడితే విప్ ఎవరి మాట మీద జారీ అవుతుంది? ప్రభుత్వం ఏడాదిలో పడిపోతుంది.

భవానీపురం బాషా:

గ్రూపులు ఇప్పుడు లేవా మాస్టారూ? ఒకే కుర్చీ ఉంది, ఐదు గ్రూపులున్నాయి. విప్ సంగతి శాసనసభాపక్షం చూసుకుంటుంది, నేను చెప్పేది వీధి సంగతి. రెండు కుర్చీలుంటే కనీసం ఒక గేటు మూసినా ఇంకో గేటు తెరిచి ఉంటుంది.

అరండల్‌పేట ఆడిటర్:

ఈ విషయంలో నేను బాషా గారి వైపు, కానీ ఒక షరతు. నియోజకవర్గ కమిటీకి సొంత బ్యాంకు ఖాతా, సొంత చందా లేకపోతే ఆ ఎన్నిక ఉత్తుత్తి ఎన్నిక. ఇప్పుడు పార్టీలు సభ్యత్వంతో పాటు ప్రమాద బీమా ఇస్తున్నాయి, మంచి పనే, కుటుంబాలకు ఉపయోగపడుతోంది. కానీ బీమా కోసం చేరినవాడు కమిటీ ఎన్నికకు రాడు.

పటమట కుర్రాడు:

అందరికీ థాంక్స్. గ్రూపులో ఈ లింకు పెట్టాను, మిర్చి అన్న మొత్తం చదివి "రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దు, ముందు కార్పొరేషన్‌లో ఒక్క డివిజన్ తీసుకుని ఇండిపెండెంటుని పెడదాం, ఎన్నికలు ఎప్పుడొచ్చినా సరే" అన్నాడు. లాయరు ఒప్పుకోలేదు, పేరు ఇంకెవరైనా ముందే నమోదు చేసుకుంటారని ఆయన భయం. నేను అన్న వైపు. సింగ్‌నగర్ వైపు ఒక డివిజన్ అనుకుంటున్నాం. బాషా భాయ్, ఓటరు జాబితా ఆన్‌లైన్‌లో దొరికింది, ముందు ఏం చేయాలి?

భవానీపురం బాషా:

ఒక్క పోలింగ్ కేంద్రం జాబితా ప్రింట్ తీసుకోండి, డివిజన్ మొత్తం కాదు. ఇంటింటికీ వెళ్ళి ఎవరున్నారు, ఎవరు ఇల్లు మారారు, ఎవరు పోయారు అని పెన్సిల్‌తో రాసుకోండి. కొత్తగా 18 నిండినవాళ్ళకు ఫారం 6, ఇల్లు మారినవాళ్ళకు ఫారం 8. పేరు తీసేయమని అడిగే ఫారం 7లు మాత్రం కట్టలు కట్టలుగా పెట్టొద్దు, ఓట్లు తీసేయిస్తున్నారని కేసులవుతాయి.

సింగ్‌నగర్ అక్క:

మా వైపుకే వచ్చేట్టయితే ఆదివారం కాదు, పని రోజు సాయంత్రం ఐదు తర్వాత రండి, మగవాళ్ళు పనుల నుంచి వచ్చేలోపు ఆడవాళ్ళు గుమ్మాల్లో దొరుకుతారు. ఆ ఇద్దరు టీచర్లను ముందు నడవమనండి. నేను చెప్పిన ఆ అద్దె ఇంటావిడ కాగితం ఇంకా తేలలేదు, మీ లాయరును కూడా తీసుకురండి.

పటమట కుర్రాడు:

తీసుకొస్తా అక్కా. బాషా భాయ్, ఫారం 8 మేమే ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చా, బీఎల్‌ఓ, అంటే బూత్ ఓటరు జాబితా చూసే ఆఫీసరు, చేతికే ఇవ్వాలా?

భవానీపురం బాషా:

ఎలాగైనా పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టినా బీఎల్‌ఓ విచారణకు ఇంటికి వస్తారు, అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూడండి, తాళం ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది.